శిశు కేంద్రంలో టీచరు పనంటే ఆడించడమేనా?

ప్రశ్న: ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, మూడు నాలుగేళ్ల పిల్లల కేంద్రంలో చేరాను. "రోజంతా ఆడించడమే కదా" అంటున్నారు తల్లిదండ్రులు. నిన్న ఒక పాప చెక్క దిమ్మలతో వంతెన కట్టింది. పొడవాటి దిమ్మ దొరక్కపోతే రెండు పొట్టివి తెచ్చి, వాటి మధ్య ఇంకో స్తంభం నిలిపింది. అది గణితమే! వాళ్లకు ఎలా చూపించాలి?

జవాబు: మీరిక్కడ రాసిన ఆ మాటలనే ఫొటోతో పాటు గోడకు అంటించండి. ఏమి చేసింది, ఏమన్నది, తర్వాత ఏమి ఇవ్వాలి: పరిశీలన నమోదులో ఇవి చాలు. "బాగా ఆడుకుంది" అని మాత్రం రాయకండి, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

జవాబు: కిండర్‌గార్టెన్ పద్ధతికి ఆద్యుడైన ఫ్రోబెల్ జర్మనీలో 1837లో మొదలుపెట్టిన పిల్లల కేంద్రంలోనూ చెక్క దిమ్మలు బోధన సామగ్రే.

జవాబు: చేతులు కడిగించడం, బట్టలు మార్చడం సహాయకులకే వదిలేయకండి. ఒక్క బిడ్డతో తీరిగ్గా మాట్లాడగలిగేది అప్పుడే.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. రేపు పొట్టి దిమ్మలు మాత్రమే బయట పెడతాను.