తెలుగు వికీపీడియా వ్యాసాల్లో మూలం పూర్తి పాఠం వాక్యం పక్కనే ఉండాలా, పేజీ అడుగున ఉండాలా?

మర్రినీడ:
పెద్ద వ్యాసాల్లో వాక్యాల మధ్య ఇరికిన రెఫ్ ట్యాగుల (మూలం వివరం రాసే కోడ్ గుర్తులు) పాఠాన్ని తీసి, అడుగున "మూలాలు" విభాగంలోని మూలాలజాబితా మూసలోకి (మూస అంటే పేజీలో పిలిచి వాడుకునే టెంప్లేటు) మార్చాలని నా ప్రతిపాదన. వాక్యం పక్కన <రెఫ్ నేమ్="యునెస్కో2021" /> అన్న చిన్న ముక్క మిగిలితే చాలు. (ట్యాగు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. పేరు తెలుగులో పెట్టొచ్చు, కానీ కోట్స్‌లో పెట్టండి.)

దిద్దుబాటు పెట్టె తెరిస్తే తెలుగు కనబడటం లేదు, నా బాధ అదీ. రామప్ప గుడి లాంటి వ్యాసం తీసుకోండి. "2021 జూలైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది" అని ఒక్క వాక్యం ఉంటే, దాని వెంట శీర్షిక, ప్రచురణకర్త, తేదీ, లింకు, ఆర్కైవు లింకు అంటూ అయిదారు వరుసల మూస. తెలుగు శీర్షిక ఉన్న లింకైతే ఇక చెప్పక్కర్లేదు. కాపీ చేయగానే "క" కాస్తా పర్సెంటు గుర్తులతో 9 క్యారెక్టర్లవుతుంది. గుడి గుర్తుకు విడిగా ఇంకో 9, అంటే "కి" ఒక్కటే 18. ఆర్కైవు లింకులో ఇదంతా రెండోసారి వస్తుంది. అచ్చుతప్పు దిద్దుదామని వచ్చినవాళ్లకి వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు.

పలకాబలపం:
మర్రినీడ గారూ, కష్టం నిజమే, మందు మాత్రం వద్దు. మూస లోపల పెట్టిన మూలాన్ని విజువల్ ఎడిటర్ (కోడ్ కనబడకుండా దిద్దే పెట్టె) తెరవదు, సోర్సులోకి, అంటే కోడ్ కనిపించే పెట్టెలోకి, వెళ్లి మార్చుకోమంటుంది. కొత్తవాళ్లు ఎక్కువమంది పనిచేసేది విజువల్ ఎడిటర్లోనే. సోర్సులో చేసేవాళ్లకూ తిప్పలే. విభాగం పక్కనున్న "మార్చు" నొక్కి, భద్రపరిచే ముందు సరిచూస్తే (ప్రివ్యూ), నిర్వచనం వేరే విభాగంలో ఉంది కాబట్టి ఎర్రక్షరాల్లో లోపం చూపిస్తుంది. భద్రపరిస్తే అంతా బాగానే ఉంటుంది, కానీ ఆ సంగతి కొత్తవాళ్లకి ఎవరు చెప్పారు? బెదిరిపోయి ట్యాగే తీసేస్తారు. పైన వాక్యం తీసేసి కింద నిర్వచనం వదిలేస్తే, వాడని మూలం ఉందని మరో ఎర్ర లోపం.

మర్రినీడ:
ఆ ఎర్ర లోపం మనకి మేలే చేస్తుంది, కంటికి కనిపిస్తుంది కాబట్టి. మీ పద్ధతిలో ఏం జరుగుతుందో చూడండి. మొదటి పేరాలో పూర్తి పాఠం, మరో నాలుగు చోట్ల పేరు. ఎవరో మొదటి పేరా తీసేస్తే ఆ నాలుగూ అనాథలు. అప్పుడు పేజీ చరిత్ర తెరిచి, ఆ పేరా ఉన్న చివరి కూర్పు వెతికి, పాఠం తెచ్చి అతికించాలి. ఇంగ్లీషు వికీలో ఈ పని అనోమీబాట్ అనే ఆటోమేటిక్ ప్రోగ్రాం చేస్తుంది.

విజువల్ ఎడిటర్ ":0", ":1" అని తనంతట తాను పెట్టే పేర్లు ఇంకా ప్రమాదం. ఒక వ్యాసంలోంచి పేరా తెచ్చి మరోదాంట్లో అతికించినప్పుడు రెండు ":0"లకీ వేర్వేరు పాఠాలుంటే లోపం చూపిస్తుంది, సరే. పేరు ఒక్కటే వచ్చి పాఠం రాకపోతే? అక్కడున్న మరో ":0"కి అతుక్కుంటుంది. ఏ లోపమూ రాదు. కాకతీయుల శాసనం గురించిన వాక్యం కింద సినిమా వార్త మూలంగా నిలబడుతుంది. మూలం లేకపోవడం కంటే ఇది ఘోరం.

అడుగుజాడ:
పేర్ల సంగతిలో మర్రినీడ గారితో ఏకీభవిస్తున్నాను. రచయిత, ఏడు కలిపి పేరు పెట్టండి. ఉత్త అంకె పేరుగా చెల్లదు. వర్డ్ ఫైలు నుంచి తెచ్చిన వంకర కోట్స్ పనిచేయవు, కీబోర్డు మీది నిలువు కోట్సే వాడాలి.

ఒకే పుస్తకాన్ని పదిహేను పేజీల నుంచి ఉదహరించే చరిత్ర వ్యాసాలకు మీ ఇద్దరి పద్ధతులూ చాలవు. అక్కడ ఎస్ఎఫ్ఎన్ (కుదించిన అధోసూచిక) మూసే దారి: వాక్యం దగ్గర పేరు, ఏడు, పేజీ, అడుగున పుస్తకం వివరం ఒక్కసారి. తెలుగు పేర్లతో ఒక చిక్కుంది. పుస్తకం మూసలో ఇంటిపేరు గడిలో "సురవరం" అని రాసి, ఎస్ఎఫ్ఎన్‌లో "ప్రతాపరెడ్డి, 1949" అంటే లంకె కుదరదు. పైకి అంతా బాగానే ఉంటుంది, నొక్కితే ఎక్కడికీ వెళ్లదు. రెండుచోట్లా ఒకే మాట ఉండాలి. స్కాన్ పుస్తకాల్లో వ్యూయర్ చూపే సంఖ్య కాకుండా, కాగితం మీద అచ్చయిన పేజీ సంఖ్యే ఇవ్వండి. ముఖపత్రం, ముందుమాటలు కలిసి ఆ రెంటికీ చాలా తేడా వస్తుంది.

పలకాబలపం:
మరో మాట. వందలకొద్దీ మూలాలున్న పేజీలో పాఠాన్ని పైనుంచి కిందికి మార్చినా బరువు తగ్గదు. పేజీలో మూసలన్నీ విప్పుకున్నాక (అసలు పాఠంగా మారాక) 2 మెగాబైట్లు దాటకూడదు. తెలుగు అక్షరానికి 3 బైట్లు కాబట్టి మనం ఆ గీత తొందరగా చేరతాం. దాటితే చివరి మూసలు విప్పుకోవు, ఉత్త లింకులుగా మిగులుతాయి. చివర ఉండేది మూలాలజాబితాయే! అలాంటి వ్యాసాన్ని ముందు రెండుగా విడదీయాలి.

మర్రినీడ:
అది ఒప్పుకుంటున్నాను. ప్రతిపాదన మారుస్తున్నా: 30 మూలాలు దాటిన వ్యాసాలకే, అదీ మూలాలజాబితా మూసలో కాకుండా రెఫరెన్సెస్ అనే మొదలు, ముగింపు ట్యాగుల మధ్యలో. అలా పెడితే ఉన్న మూలాలు విజువల్ ఎడిటర్లో తెరుచుకుంటాయి. కొత్తగా చేర్చేవి వాక్యం దగ్గరే పడతాయి, వాటిని నెలకోసారి కిందికి దించుకుందాం.

పలకాబలపం:
దించేది ఎవరు? చేసే మనిషి పేరు లేని పని వికీలో ఆగిపోతుంది. ఏ వ్యాసంలోనైనా శైలి మార్చే ముందు దాని చర్చాపేజీలో రాసి, ఎక్కువగా రాసినవారి జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆ షరతు చేరిస్తే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. తక్కిన సగం, కొత్తవాళ్లు. వాళ్లకోసం 30 కాదు, 80 అనండి.