సాయంత్రం కాల్స్ సార్ సెల్లుకి పెట్టాం, వాయిస్ మెయిల్‌లో మాత్రం ఏమీ పడటం లేదు

విత్తనాల షాపు, హన్మకొండ:
అన్నలూ, మాది విత్తనాలు, పురుగుమందుల డీలర్ ఆఫీసు. రెండు ల్యాండ్‌లైన్లు, చిన్న ఈపీఏబీఎక్స్ (ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే బాక్స్), 8 ఎక్స్‌టెన్షన్లు. రాత్రి 7 దాటితే కాల్ సార్ సెల్లుకి పోవాలి, సార్ ఎత్తకపోతే వాయిస్ మెయిల్‌లో, అంటే చేసినవాళ్ల మాట రికార్డయ్యే చోట పడాలి. సెల్లుకి పోతోంది, మెయిల్‌కి రావడం లేదు. సార్ మేడారం జాతరకు పోయిన రెండు రోజులు సిగ్నల్ లేదు. ఫోన్ చేసిన రైతులందరికీ "కవరేజీ ఏరియాలో లేరు" అనే వినబడిందట. ములుగు దగ్గర నుంచి ఒకాయన మూడుసార్లు చేసి, ఆఖరికి బస్సెక్కి వచ్చి మమ్మల్ని కడిగేశాడు. వాయిస్ మెయిల్ చూస్తే ఖాళీ.

ఫోన్ మెకానిక్, కాజీపేట:
తమ్మీ, ముందు ఇది చెప్పు. లైన్లు పాత రాగి తీగవా, ఇంటర్నెట్ మీద నడిచే సిప్ ట్రంకా?

విత్తనాల షాపు, హన్మకొండ:
రాగి తీగే అన్నా.

ఫోన్ మెకానిక్, కాజీపేట:
అయితే బాక్స్ తప్పేం లేదు. మీ ఆఫీసుకు ఒక లైన్‌లో వచ్చిన కాల్‌ని బాక్స్ రెండో లైన్ మీద బయటికి డయల్ చేస్తుంది. అవతల ఎత్తారా లేదా అన్న కబురు మామూలు అనలాగ్ లైన్‌లో రాదు. డయల్ చేయడం అయిపోగానే "కాల్ కలిసింది" అని అది రాసేసుకుంటుంది. కలిసిన కాల్‌ని మళ్లీ మెయిల్‌కి ఎందుకు తెస్తుంది? పీఆర్ఐ అనే డిజిటల్ లైన్లలో, సిప్ లైన్లలో ఎత్తిన సంగతి విడిగా తెలుస్తుంది కాబట్టి అక్కడ ఈ బాధ ఉండదు. ఇంకోటి, ఒక్క కాల్‌కి మీ రెండు లైన్లూ బిజీ. మూడో మనిషికి ఎంగేజే.

ల్యాబ్ రిసెప్షన్, మంచిర్యాల:
మాకు ఇంకో రకం తలనొప్పి ఉండేది. మెసేజీలన్నీ రెండేసి నిమిషాలు, వింటే టూం... టూం... తప్ప మనిషి గొంతు లేదు. ఫోన్ పెట్టేసిన సంగతి బాక్స్‌కి తెలియక బిజీ టోన్‌నే రికార్డు చేసింది. బాక్స్ వేరే దేశం సెట్టింగ్‌లో ఉంది. మన బిజీ టోన్ 400 హెర్ట్జ్, 0.75 సెకను మోత, 0.75 సెకను మౌనం. అది మార్చాక సర్దుకుంది. వారం రోజులు ఆ టూం టూం వింటూ కూర్చున్నది నేనే.

కాల్ సెంటర్ తమ్ముడు, కరీంనగర్:
మాది ఫ్రీపీబీఎక్స్, అంటే ఈపీఏబీఎక్స్ పని చేసే సాఫ్ట్‌వేర్. అందులో కాల్‌ని సెల్లుకి పంపే ఫాలో మీ సెట్టింగ్‌లో కన్ఫర్మ్ కాల్స్ ఆన్ చేశాం. సెల్ ఎత్తినవాళ్లు 1 నొక్కితేనే కాల్ కలుస్తుంది, నొక్కకపోతే మెయిల్‌కి పోతుంది. ఇది పెట్టి చూడండి.

ఫోన్ మెకానిక్, కాజీపేట:
సిప్ మీద బంగారం. రాగి తీగ మీద పెడితే సెల్ ఇంకా మోగుతుండగానే "1 నొక్కండి" మొదలైపోతుంది, సార్ ఎత్తేసరికి సగం అయిపోతుంది. నేనైతే ఫార్వర్డ్ తీసేస్తా. రాత్రి 7 తర్వాత ఆఫీసులో 15 సెకన్లు, అంటే ఐదు రింగులు మోగనిచ్చి నేరుగా మెయిల్. మెసేజీ పడగానే సార్ ఈమెయిల్‌కి ఆడియో పోయేట్టు పెట్టు. సార్ తీరిగ్గా తిరిగి చేస్తారు. ఫైబర్ మీద సిప్ తీసుకున్నాక సెల్లుకి పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా సెల్‌ని 20 సెకన్లకు మించి మోగనివ్వకు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నుంచి సెల్ రింగుకు 30 సెకన్లు పెట్టింది. బాక్స్ అంతకంటే ముందే కాల్ వెనక్కి లాక్కోవాలి.

అకౌంటెంట్, వరంగల్:
వాయిస్ మెయిల్ పెట్టేవాళ్లు దాని పిన్ మార్చండి బాబూ. 1234, 0000 వదిలేస్తే బయటివాడు బాక్స్‌లో దూరి ఫార్వర్డ్‌ని విదేశీ నంబర్‌కి తిప్పే ప్రమాదం ఉంది, బిల్లు మనకు. ఐఎస్‌డీ అవసరం లేకపోతే లాక్ చేయించండి. అలాగే "*401 కొట్టండి, మీ సిమ్ సరిచేస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే కొట్టొద్దని షాపు పిల్లలకు చెప్పండి. ఆ కోడ్‌తో మన కాల్స్, ఓటీపీ కాల్స్‌తో సహా, వాడికి పోయేవి. అందుకే ఇలాంటి యూఎస్ఎస్‌డీ (స్టార్ కోడ్ కొట్టి చేసే) ఫార్వర్డింగ్‌ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికాం శాఖ ఆదేశం ఇచ్చింది.

విత్తనాల షాపు, హన్మకొండ:
పది రోజుల తర్వాత వచ్చా. మెకానిక్ అన్న చెప్పినట్టే ఫార్వర్డ్ తీసేశాం, పిన్ మార్చాం. మొదటి మూడు రోజుల్లో 11 మెసేజీలు, అందులో 9 "హలో... హలో... ఎవరూ మాట్లాడతలేరు" అని పెట్టేసినవే! బాక్స్‌తో వచ్చిన ఇంగ్లిష్ గొంతు రైతుకు ఏం అర్థమవుతుంది? దాన్ని తీసేసి, మా షాపు అక్కతో చెప్పించాం: "షాపు మూసినం. టింగ్ అన్నంక మీ పేరు, ఊరు, నంబర్ చెప్పున్రి. పొద్దుగాల మేమే ఫోన్ చేస్తం."

ల్యాబ్ రిసెప్షన్, మంచిర్యాల:
ఇప్పుడు చెప్తున్నారా మరి?

విత్తనాల షాపు, హన్మకొండ:
చెప్తున్నారు మేడం. నిన్న ఒకాయన పేరు, ఊరు చెప్పి, పత్తి ఆకు ఎట్లా ముడుచుకుంటోందో రెండు నిమిషాలు వివరించాడు. నంబర్ మాత్రం మరిచిపోయాడు. కాలర్ ఐడీ పెట్టించుకోవాలంటే బాక్స్‌లో ఇంకో కార్డ్ వేయాలా అన్నా?

ఫోన్ మెకానిక్, కాజీపేట:
బాక్స్ మోడల్ నంబర్ ఫొటో తీసి పెట్టు, చూసి చెప్తా. లైన్‌కి ఆ సర్వీస్ ఉందో లేదో ముందు ఎక్స్ఛేంజ్‌లో అడుగు.