యంత్రం కొనడానికి గ్రాంటు: ఒక్కో రైతుకు ఇవ్వాలా, అద్దె కేంద్రాలకు ఇవ్వాలా?

కొత్తచాలు:
రైతు యంత్రం కొంటే ధరలో కొంత భాగం ప్రభుత్వం భరించే పథకాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక్కో రైతుకు విడిగా ఇచ్చే గ్రాంటును ఆపేసి, ఆ సొమ్మంతా అద్దె యంత్రాల కేంద్రాలకు, రైతు సంఘాలకు ఇవ్వాలి. ఏడాదిలో ఇరవై రోజులు తిరిగి, మిగతా కాలమంతా చూరు కింద తుప్పు పట్టే విత్తన యంత్రానికి ప్రజల డబ్బు ఎందుకు పెట్టాలి? భారతదేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం 1.08 హెక్టార్లు. ఇంత చిన్న కమతానికి సొంత యంత్రం ఏ లెక్కన గిట్టుబాటు అవుతుంది? కాదనేవారు కారణం చెప్పండి.

గట్టుమీదమనిషి:
కాదంటున్నాను. కారణం ఒక్క మాటలో చెప్పాలంటే అదను.

వాన కురిశాక నేల పదును మీద ఉండేది మూడు నాలుగు రోజులు. ఆ మూడు నాలుగు రోజుల్లోనే చుట్టుపక్కల అందరికీ అదే యంత్రం కావాలి. అద్దె కేంద్రం వరుసలో నాది పదకొండో పేరైతే, నా వంతు వచ్చేసరికి పైమన్ను పెచ్చు కట్టి, విత్తనం లోపలికి దిగదు. అద్దె మీద మిగిలిన నాలుగు రూపాయలు మొలకలో పోతాయి. మీరు చూరు కింద తుప్పు పడుతోందన్న యంత్రం, పదును వచ్చిన రోజు తెల్లవారకముందే చేలో ఉంటుంది. దాన్ని ఎన్ని రోజులు వాడామని కాదు, ఏ రోజున వాడామని చూడండి.

లెక్కలపుస్తకం:
ఇద్దరూ యంత్రం ఎవరి దగ్గర ఉండాలనే మాట్లాడుతున్నారు. గ్రాంటు చివరికి ఎవరి జేబులోకి వెళుతుందో కూడా చూడాలి కదా. ఆమోదించిన జాబితాలోని నమూనానే, ఆమోదించిన అమ్మకందారు దగ్గరే కొనాలని నిబంధన పెడితే బేరమాడే వీలు పోతుంది. అప్పుడు గ్రాంటులో కొంత ధర పెరుగుదల రూపంలో అమ్మేవారికే చేరుతుంది. రైతు మాత్రం తనకు సగం ధరకే వచ్చిందనుకుంటాడు.

రెండో ఇబ్బంది, ముందు కొని తర్వాత రాబట్టుకోవడం. ఇంగ్లండ్‌లో 2021లో మొదలైన పరికరాల, సాంకేతికత నిధి ఇలాగే నడుస్తుంది. ప్రతి వస్తువుకూ ఇంత అని మొత్తం ముందే ప్రకటిస్తారు. రైతు తన డబ్బుతో కొని, రుజువు చూపాక ఆ మొత్తం ఇస్తారు. వస్తువుకు ఇంత అని స్థిరంగా కట్టేయడం నాకు నచ్చింది. దానివల్ల ధర పెంచినా గ్రాంటు పెరగదు. కానీ చేతిలో పెట్టుబడి లేని రైతు ఈ పద్ధతిలో గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. అప్పు చేసి కొన్నవాడికి డబ్బు ఆలస్యమైన ప్రతి నెలా వడ్డీ గ్రాంటును కొరుక్కు తింటుంది.

వరికొయ్య:
ఈ చర్చకు పంజాబ్ అనుభవం దగ్గరగా ఉంది, కాస్త వివరంగా రాస్తాను.

వరి కొయ్యకాళ్లను తగలబెట్టడం ఆపడానికి 2018లో కేంద్ర ప్రభుత్వం పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీలకు ఒక పథకం తెచ్చింది. విడిగా కొనే రైతుకు 50 శాతం, అద్దె కేంద్రాలకు 80 శాతం సబ్సిడీ. అంటే కొత్తచాలు గారు కోరినట్టే సంఘాల వైపు మొగ్గు చూపారు. కొన్నేళ్లలో ఒక్క పంజాబ్‌కే లక్షకు పైగా యంత్రాలు చేరాయి. అయినా 2021లో కోతల కాలంలో ఆ రాష్ట్రంలో 70 వేలకు పైగా మంటలను ఉపగ్రహాలు గుర్తించాయి.

యంత్రం మంచిదే. హ్యాపీ సీడర్ వరి కొయ్యకాళ్ల మధ్యనే గోధుమ విత్తుతుంది, తగలబెట్టాల్సిన పని ఉండదు. చిక్కంతా గడువుతో వచ్చింది. భూగర్భ జలాలను కాపాడేందుకు పంజాబ్ 2009లో చేసిన చట్టం వరినాట్లను జూన్ దాకా ఆపింది. నాట్లు వెనక్కి జరిగితే కోతలూ వెనక్కి జరిగాయి. కోతకూ గోధుమ విత్తనానికీ మధ్య రెండు మూడు వారాలు కూడా కష్టంగానే మిగులుతుంది. ఆ కొద్ది రోజుల్లో రాష్ట్రమంతటికీ ఒకేసారి యంత్రాలు కావాలి. గట్టుమీదమనిషి గారు చెప్పిన పదకొండో పేరు బాధ ఇదే.

పైగా కొయ్యకాళ్లను మట్టిలో కలుపుతూనే విత్తే సూపర్ సీడర్ లాంటివి లాగడానికి 50 హెచ్‌పీకి పైబడిన ట్రాక్టర్ కావాలి. చిన్న ట్రాక్టర్ ఉన్నవాడికి సగం ధరకు సీడర్ ఇచ్చి ఏం లాభం? కోళ్లగూటికి ఏనుగును తోలుకొచ్చినట్టు. డీజిల్ ఖర్చు అదనం. అగ్గిపుల్లకు ఖర్చేముంది? రైతు దుర్మార్గుడు కాడు, అతని ముందున్న లెక్క అలాంటిది. యంత్రం ధర తగ్గించారు, యంత్రంతో పని చేయించే ఖర్చు తగ్గించలేదు.

కౌలుదారు:
పథకం ఏదైనా మొదట అడిగేది భూమి పత్రం. అది నా పేరున లేదు, యజమాని పేరున ఉంది. ఆయన సేద్యం మానేసి చాలా ఏళ్లయింది. ఆయన పేరున వచ్చిన పిచికారీ యంత్రాన్ని ఆయన దగ్గరే అద్దెకు తీసుకుని నేను వాడుతున్నాను. మీ చర్చలో రైతు అన్నప్పుడల్లా ఎవరిని ఉద్దేశించి అంటున్నారో దయచేసి చెప్పండి.

నీటిబొట్టు:
సాంకేతికత గురించి కూడా ఒక మాట. నీరు తక్కువ పట్టే పరికరానికి గ్రాంటు ఇస్తే నీరు మిగులుతుందని అందరూ అనుకుంటారు. అమెరికాలోని కాన్సాస్‌లో తిరిగే తుంపర యంత్రాలకు నాజిల్స్ కిందికి దించి అమర్చుకునేందుకు సబ్సిడీ ఇచ్చారు. 2014లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అక్కడ భూగర్భజలాన్ని తోడడం తగ్గకపోగా పెరిగింది. నీరు ఆదా కాగానే రైతులు ఎక్కువ నీరు తాగే పంటలకు మారారు, తడిపే విస్తీర్ణమూ పెంచారు. రైతు కోణంలో అది తెలివైన పనే. ప్రభుత్వం పరికరానికి డబ్బిచ్చింది కానీ తోడే నీటికి హద్దు పెట్టలేదు. బిందు సేద్యం మీద నాకు వ్యతిరేకత లేదు, నేనే వాడుతున్నాను. అయితే అది నీరు కాపాడుతోందని చెప్పి గ్రాంటు ఇచ్చేటప్పుడు, బావి మట్టం కూడా కొలవాలి.

గట్టుమీదమనిషి:
వరికొయ్య గారి మాట చదివాక నా మొదటి మాటను కొంత సరిచేసుకుంటున్నాను. సొంత యంత్రం కావాలన్నాను, అది ఇప్పటికీ నా మాటే. కానీ సొంతంగా ఉన్నంత మాత్రాన పని జరగదు. నా కళ్లారా చూసినది చెబుతాను.

గ్రాంటుతో వచ్చిన కొత్త విత్తన యంత్రంతో ఒక పొలం విత్తారు. నడిపినవాడికి ఎవరూ నేర్పలేదు. మలుపు దగ్గర యంత్రాన్ని పైకి ఎత్తకుండా వెనక్కి నడపడంతో ఒక గొట్టం మూతిలో తడిమన్ను కూరుకుపోయింది. పెట్టెలో విత్తనం తగ్గుతూనే ఉంది, మిగతా గొట్టాల్లో పడుతూనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మొలకలు లేచాక చూస్తే పొలం పొడవునా ప్రతి దఫాకీ ఒక సాలు ఖాళీ. దువ్వెనలో ఒక పన్ను విరిగినట్టు. ఒక్క పూట నేర్పి ఉంటే, మలుపు దగ్గర దిగి గొట్టాలు తట్టి చూసేవాడు. ఆ రైతు మరుసటి ఏడాది చేత్తోనే చల్లాడు. యంత్రం మీద నమ్మకం పోయింది. గ్రాంటు లెక్కల్లో మాత్రం ఆ యంత్రం విజయవంతంగా పంపిణీ అయినట్టే ఉంటుంది.

అందుకే నేనంటున్నది, గ్రాంటును కొన్న వస్తువుకు కాక జరిగిన పనికి ముడిపెట్టాలని. కొనేటప్పుడు కొంత ఇవ్వండి. మిగతాది రెండు మూడేళ్లపాటు, ఎన్ని ఎకరాల్లో పని చేసిందో చూసి ఇవ్వండి. అప్పుడు కొన్నవాడు తన చేను అయ్యాక పక్క చేలోకీ వెళతాడు. అద్దె కేంద్రం పెట్టకుండానే అద్దె సేవ పుడుతుంది. ఇది నా ఊహ కాదు. జర్మనీలోని బవేరియాలో 1958లో మొదలైన యంత్ర వలయాలు ఈ దారిలోనే నడిచాయి. యంత్రం ఎవరిది వారిదే, మంచిచెడ్డలు చూసుకునేదీ వారే. ఎవరికి ఏ రోజు ఏ యంత్రం కావాలో కలిపే పని మాత్రం వలయం చేస్తుంది, పనికి డబ్బు చెల్లిస్తారు. ఫ్రాన్స్‌లో దీనికి భిన్నంగా సహకార సంఘాలే యంత్రాలు కొంటాయి, అలాంటివి పది వేలకు పైగా ఉన్నాయి. రెండూ నిలిచాయి. బాధ్యత ఎవరిదో రెండింటిలోనూ స్పష్టంగా ఉంది. బేరింగ్‌కు గ్రీజు పెట్టాల్సింది ఎవరని అడిగితే ఒక మనిషి పేరు చెప్పగలగాలి. అది లేని అద్దె కేంద్రాన్ని నేను నమ్మను.

లెక్కలపుస్తకం:
ఎకరాల లెక్క ఎవరు చూస్తారు? అక్కడ మళ్లీ దొంగ లెక్కలు వస్తాయి.

గట్టుమీదమనిషి:
ట్రాక్టర్‌కు, పనిముట్టుకు ఎక్కడ తిరిగిందో నమోదు చేసే పరికరం బిగించడం ఇప్పుడు పెద్ద ఖర్చు కాదు. దొంగ లెక్కలు పూర్తిగా పోతాయని అనను. రసీదు ఒక్కటి చూసి డబ్బిచ్చే పద్ధతి కన్నా మేలు అంటాను.

ఇంకొకటి మరిచాను. గ్రాంటు లేకపోతే రైతు ఎప్పటికీ కొననివి కొన్ని ఉంటాయి. ట్రాక్టర్ బోల్తా పడితే నడిపేవాడిని కాపాడే చట్రం అలాంటిది. దాని వల్ల దిగుబడి పిడికెడు కూడా పెరగదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పాత ట్రాక్టర్లకు ఆ చట్రం బిగించే ఖర్చులో 70 శాతం తిరిగి ఇచ్చే పథకం 2006లో మొదలుపెట్టారు. లాభం తెచ్చే యంత్రాన్ని రైతు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఎలాగోలా కొనుక్కుంటాడు. ప్రాణం కాపాడేదాన్ని వాయిదా వేస్తూనే ఉంటాడు. నిధులు తక్కువగా ఉంటే మొదట అక్కడ పెట్టండి.

కొత్తచాలు:
మొదట రాసిన దాంట్లో ‘ఆపేసి’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పని చూసి ఇచ్చే పద్ధతిలో, యంత్రం ఎవరి దగ్గర ఉందన్న పేచీ చాలావరకు తగ్గుతుంది. అయితే పాత యంత్రాల మాట మీరెవరూ ఎత్తలేదు. చాలా పథకాలు కొత్తవాటికే వర్తిస్తాయి. మంచి స్థితిలో ఉన్న పాత యంత్రం, విడిభాగాలు, మరమ్మతు వీటికి కూడా ఇవ్వాలని నా వాదన. దాని మీద విడిగా రాస్తాను.

కౌలుదారు గారూ, మీ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు, నేను కూడా ఇవ్వలేదు, క్షమించండి. ఎకరాల్లో జరిగిన పనికి డబ్బిస్తే, పని చేసినవారి పేరునే ఇవ్వవచ్చు, భూమి పత్రం అడగాల్సిన అవసరం ఉండదు. దీనికి యజమానులు ఒప్పుకుంటారా? మీ అనుభవంలో ఏమనిపిస్తోంది?

కౌలుదారు:
నా పేరు ఏ కాగితం మీదా ఎక్కకూడదనే కదా వారి భయం. పొలం గుర్తు లేకుండా యంత్రం గుర్తు మీద, నడిపినవారి గుర్తు మీద లెక్క రాస్తే ఒప్పుకోవచ్చు. అలా ఉంటే నేను రేపే దరఖాస్తు పెడతాను.