అప్‌డేట్: బేకరీలో పిండి కలిపే తమ్ముడి ఆయాసం

మైదా కలిపే తమ్ముడికి డ్యూటీలో తుమ్ములు, పిల్లికూతలు, సెలవు రోజున తగ్గుతున్నాయి, పిండి వల్లేనా అని ఇదివరకు అడిగాను. అవును, బేకర్స్ ఆస్తమా (పిండి దుమ్ము పడక వచ్చే ఆస్తమా) అని డాక్టర్ చెప్పారు. పీక్ ఫ్లో మీటర్‌తో (ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే పరికరం) రోజుకు 4 సార్లు, సెలవుల్లో కూడా, ఊది రాయమన్నారు. పని రోజుల్లోనే అంకెలు పడిపోయాయి. మైదాతో పాటు బ్రెడ్ ఇంప్రూవర్‌లోని (బ్రెడ్ బాగా రావడానికి పిండిలో కలిపే పొడి) ఫంగల్ ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ కూడా పడట్లేదని పరీక్షలో తేలింది. దీన్ని చాలామంది అనుమానించరు.

ఇప్పుడు సంచిని ఎత్తుమీంచి కుమ్మరించడం లేదు. గిన్నెలోకి దించి మెల్లగా జారుస్తున్నారు. మూత వేసి, పిండి పూర్తిగా తడిసేదాకా మిక్సర్ స్లో స్పీడ్‌లోనే. బల్లమీద పొడిపిండికి బదులు నూనె. చీపురు, ఎయిర్ గన్ బంద్: అవి దుమ్మును మళ్లీ గాల్లోకి లేపుతాయి, సన్నని దుమ్మును కూడా పట్టే ఫిల్టర్ ఉన్న హెపా వాక్యూమ్ వాడాలి. ఖాళీ సంచులు దులపకూడదు. ఎన్95 మాస్కు వీటికి తోడు మాత్రమే, బదులు కాదు. ఒకసారి ఎలర్జీ పట్టాక కొద్దిపాటి దుమ్ము కూడా చాలు, అందుకే తమ్ముణ్ణి ప్యాకింగ్‌కు మార్పించాం. ఇన్‌హేలర్ మాత్రం ఆపలేదు.