బెర్న్‌కాస్టెల్-కూస్ (మోజెల్ నది): వైన్ తాగేవాళ్లిద్దరు, తాగని పెద్దవాళ్లిద్దరు. ప్లాన్ సరిచూడండి

మైన్_గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నలుగురం మోజెల్ ఒడ్డున ఉన్న బెర్న్‌కాస్టెల్-కూస్ వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరం రీస్లింగ్ (ఒక తెల్ల ద్రాక్ష రకం) వైన్ తయారయ్యే చోటే రుచి చూడాలనుకునేవాళ్లం. మిగతా ఇద్దరు విజయవాడ నుంచి వచ్చే పెద్దవాళ్లు. వాళ్లు మందు ముట్టరు. మాంసం, చేప తినరు, గుడ్డు ఫర్వాలేదు. ఒకరికి మోకాళ్ల నొప్పి: చదును నేల మీద గంట నడవగలరు, ఎక్కుడు మాత్రం కష్టం.

పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేలా ఒక్క రోజులో అవుతుందా? సెప్టెంబరు మొదటి వారాంతంలో వైన్ పండుగ ఉందట, అప్పుడే వెళ్తే మంచిదా? కారా, రైలా? తాగనివాళ్లకు అక్కడ చూడ్డానికి, తినడానికి ఏముంటుంది? తిరుగు ప్రయాణంలో ఇండియాకు ఎన్ని సీసాలు పట్టుకెళ్లొచ్చు?

రైలుబాట

ముందు ఒక్క రోజు సంగతి. బెర్న్‌కాస్టెల్‌కు రైలు లేదు. ఒకప్పుడు ఉండేది, ఆ పట్టాలు తీసేసిన దారే ఇప్పుడు సైకిల్ బాట. కోబ్లెంజ్ నుంచి ట్రియర్ వెళ్లే లైను కొంతదూరం నది పక్కనే నడిచి, ప్యుండరిఖ్ దాటాక సొరంగంలో దూరి నదిని వదిలేస్తుంది. మనం దిగాల్సింది విట్లిఖ్ హౌప్ట్‌బాన్‌హోఫ్‌లో, అంటే ప్రధాన స్టేషన్లో. అది కూడా విట్లిఖ్ ఊళ్లో ఉండదు, పక్కన వెంగెరోర్‌లో ఉంటుంది. కాబట్టి హోటల్ వెతికేటప్పుడు "విట్లిఖ్ స్టేషన్ దగ్గర" అన్న మాట నమ్మి విట్లిఖ్ ఊళ్లో గది తీసుకోకండి. ఊర్ట్సిగ్ అనే స్టేషన్ పేరు చూసి అక్కడ దిగడం ఇంకా పెద్ద పొరపాటు. ఆ స్టేషన్ నుంచి నది ఒడ్డునున్న ఊర్ట్సిగ్ ఊరు కొన్ని కిలోమీటర్ల దూరం.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కోబ్లెంజ్ గంటన్నర నుంచి రెండు గంటలు, అక్కడి నుంచి విట్లిఖ్ ఇంచుమించు గంట, ఆపైన బస్సులో సుమారు అరగంట. బండ్లు మారే సమయం కలిపితే ఒక వైపుకే నాలుగు గంటలు పెట్టుకోండి. రానూపోనూ ఎనిమిది. పెద్దవాళ్లతో అది ప్రయాణం అవుతుందే గానీ ఊరు చూడ్డం కాదు. రెండు రాత్రులు ఉండండి. పైగా టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక సాయంత్రం ఆరు తర్వాత, మళ్లీ పొద్దున పది లోపు మార్కెట్ కూడలి ఎంత బాగుంటుందో పగటి గుంపులో తెలియదు.

టికెట్లు: రైన్‌లాండ్-ఫాల్ట్స్ డే టికెట్ ఒకటి తీసుకుంటే ఐదుగురి దాకా కలిసి తిరగొచ్చు, ప్రాంతీయ రైళ్లలోనూ ఆ రాష్ట్రం బస్సుల్లోనూ చెల్లుతుంది. అయితే సోమ నుంచి శుక్రవారం వరకు ఉదయం 9 తర్వాతే. ఇంకో మెలిక, అది మైంజ్ దాకానే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైంజ్‌కు వేరే టికెట్ కొనాలి. చాలామంది దొరికిపోయేది ఇక్కడే. మీ ఇద్దరికీ డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా ప్రాంతీయ రైళ్లు, బస్సుల్లో చెల్లే నెల టికెట్) ఉంటే అదే చాలు. పెద్దవాళ్ల కోసం కొత్తగా తీసుకునేటట్టయితే అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా అని మరవకండి. ఆ నెలాఖరుకు ఆగాలంటే 10వ తేదీలోపు రద్దు చేయాలి. ఐసీఈ, ఐసీ అనే దూరప్రాంత రైళ్లలో ఈ రెండు టికెట్లూ చెల్లవు.

కోబ్లెంజ్‌లో ఎక్కాక రైలు వెళ్లే దిశకు ఎడమ వైపు కూర్చోండి. కోఖెమ్ వరకు నది, ద్రాక్షకొండలు అటే. కోఖెమ్ దాటగానే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం వస్తుంది. నది పెద్ద వంపు తిరిగి వచ్చే దూరాన్ని రైలు కొండ కింద నుంచి నేరుగా కోసేస్తుంది.

సాయంత్రం, ఆదివారం బస్సులు పలచబడతాయి. బయల్దేరే రోజు విట్లిఖ్ వెళ్లే చివరి రెండు బస్సుల సమయాలు ముందు రాసుకుని, మిగతాది దాని చుట్టూ అల్లుకోండి. గది ఇచ్చేవారిని "గెస్టె టికెట్ ఇస్తారా" అని అడగండి. కొందరు ఇస్తారు, దాంతో ఆ ప్రాంతపు బస్సులు ఉచితం.

పలకరాయి

తేదీ గురించి నాది గట్టి అభిప్రాయం: పండుగ వారాంతం వద్దు. సెప్టెంబరు మొదటి వారాంతంలో గురువారం నుంచి సోమవారం దాకా జరుగుతుంది, శనివారం రాత్రి బాణసంచా. కళ్లకు విందే. కానీ గదులు చాలా ముందే నిండిపోతాయి, నిలబడే తాగాలి, పాత వీధుల్లో మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కూర్చోడానికి చోటు దొరకదు. తయారుచేసినవాళ్లతో కూర్చుని వైన్ గురించి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. రీస్లింగ్ కోత మామూలుగా సెప్టెంబరు చివర్లో మొదలై అక్టోబరులో సాగుతుంది. అప్పుడు కుటుంబమంతా కొండ మీదే ఉంటుంది కనుక చిన్న వైనరీలు రుచి చూపించడానికి ఒప్పుకోవు. పండుగ అయిపోయాక, కోత మొదలవకముందు ఉండే వారం, అందులోనూ మంగళవారం నుంచి గురువారం మధ్య, మీకు సరిగ్గా సరిపోతుంది.

ఇక వైన్. ఈ కొండల్లో ఉన్నది మనం చిన్నప్పుడు బలపంతో రాసిన పలక రాయే. నల్లగా, నీలంగా పొరలు పొరలుగా ఉంటుంది. పగలంతా ఎండ పీల్చుకుని రాత్రి ఆ వేడిని తీగలకు తిరిగి ఇస్తుంది. ఇంత ఉత్తరాన ద్రాక్ష పండటానికి అదొక కారణం. ఎండకు ఎదురుగా నిలబడ్డ ఏటవాలు ఇంకో కారణం, కింద నది మూడోది. ఊర్ట్సిగ్‌లో మాత్రం రాయి ఎర్రగా ఉంటుంది, వైన్‌లో ఘాటు సువాసన వేరుగా తెలుస్తుంది. రెండు రాళ్ల వైన్‌లూ పక్కపక్కన పోసి చూడండి. ఈ ప్రయాణంలో అంతకన్నా మంచి పాఠం ఉండదు.

సీసా మీద చూడాల్సిన మాటలు ఇవీ. ట్రోకెన్ అంటే తీపి లేనిది. లీటరుకు చక్కెర గరిష్ఠంగా 9 గ్రాములు. హాల్ప్‌ట్రోకెన్ గరిష్ఠంగా 18. ఫైన్‌హెర్బ్ అన్న మాటకు చట్టంలో కొలత లేదు, కాస్త తీపి ఉంటుందని మాత్రం అనుకోవచ్చు. కాబినెట్, ష్పేట్‌లేజె, ఆఉస్‌లేజె అనేవి పండు కోసినప్పటి పక్వాన్ని చెప్పే మెట్లు, సీసాలోని తీపిని కాదు. ష్పేట్‌లేజె ట్రోకెన్ అని కూడా ఉంటుంది. అందుకే మెట్టు చూసి తియ్యగా ఉంటుందని కొనేసి తర్వాత మొహం ముడుచుకుంటారు. ఆల్కహాల్ శాతం చూస్తే తేలిపోతుంది: మోజెల్ కాబినెట్ 8 శాతం దగ్గర ఉంటే తీపి, 11 దాటితే చాలావరకు ట్రోకెన్. మన కారం కూరలతో ఆ 8 శాతం తియ్యటిదే కుదురుతుంది. ఆల్కహాల్ ఎక్కువైతే నోట్లో మంట పెరుగుతుంది, ఆ కాస్త తీపి మంటను అణుస్తుంది.

పేరున్న డాక్టర్ తోట ఊరిమీదే, ఇళ్లకు ఆనుకుని ఉంటుంది. మొత్తం 3.26 హెక్టార్లు, మన లెక్కలో ఎనిమిది ఎకరాలు. 14వ శతాబ్దంలో జబ్బుపడ్డ ట్రియర్ ఆర్చిబిషప్ ఇక్కడి వైన్ తాగి కోలుకున్నాడని, అందుకే ఆ పేరని కథ. ఆ పేరుకే ధర ఎక్కువ. మొదటిసారి కొనేవాళ్లు పక్క ఊళ్లు గ్రాఖ్, వేలెన్, ట్సెల్టింగెన్ చూడండి, అదే రాయి, అదే వాలు, తక్కువ డబ్బు. వేలెన్‌లో ఊరు ఒక ఒడ్డున, దాని పేరున్న తోట ఎదురొడ్డున ఉంటుంది. 1842లో రాతి మీద కట్టిన సూర్యగడియారం ఆ తోట మధ్యలో ఇప్పటికీ కనిపిస్తుంది, అక్కడ పనిచేసేవాళ్లకు పొద్దు తెలియాలని పెట్టింది.

ఒక జాగ్రత్త. "బెర్న్‌కాస్టెలర్ కుర్‌ఫ్యూర్స్ట్‌లై" అని చవగ్గా దొరికే సీసా కొని బెర్న్‌కాస్టెల్ కొండ వైన్ అనుకోకండి. అది చాలా ఊళ్ల తోటల్ని కలిపిన పెద్ద పరిధి పేరు. "గుట్స్‌అబ్‌ఫ్యులుంగ్" లేదా "ఎర్‌ట్సొయ్‌గర్‌అబ్‌ఫ్యులుంగ్" అని ఉంటే పండించినవాళ్లే సీసాలో నింపారని అర్థం.

రుచి చూసే పద్ధతికి వస్తే, చిన్న వైనరీకి రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేసి ఎంతమంది, ఎన్నింటికి అని చెప్పండి. మామూలుగా ఐదారు రకాలు, ఒక్కోటి 50 మిల్లీలీటర్ల దాకా పోస్తారు. ట్రోకెన్ నుంచి తీపికి వెళ్లాలి. తిరగేస్తే తీపి తర్వాత తాగిన ట్రోకెన్ పులిసినట్టు తోస్తుంది. ఉమ్మడానికి పాత్ర ఉంటుంది, మొహమాటం అక్కర్లేదు, తెలిసినవాళ్లంతా ఉమ్ముతారు. రుసుము తీసుకోని చోట ఒకటి రెండు సీసాలు కొనడం మర్యాద.

ఫోన్ చేయడం ఇబ్బందనిపిస్తే ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ వెతకండి. పండించిన కుటుంబమే తమ పెరట్లోనో కొట్టంలోనో ఏడాదికి నాలుగు నెలలకు మించకుండా, 40 కుర్చీలకు మించకుండా నడుపుకునే చోటు. సొంత వైన్, తేలికైన తిండి మాత్రమే. గుమ్మానికి ఆకుల కట్టో చీపురో వేలాడుతుంటే తెరిచారని గుర్తు. చాలాచోట్ల నగదే తీసుకుంటారు.

కూస్_వంతెన

పై ఇద్దరి మాటలూ సరే, కారు గురించి మాత్రం కాస్త వేరుగా చెప్తాను. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లతో రెండుసార్లు రైలు, ఆపైన బస్సు మారడం కన్నా కారు నయం. దాదాపు 150 కిలోమీటర్లు, రెండు గంటలు. షరతు ఒక్కటే, ఆ రోజు నడిపేవారు వైన్ ముట్టకూడదు. ఐదారు రకాలు 50 మిల్లీలీటర్ల చొప్పున అంటే 300 మిల్లీలీటర్ల దాకా, చిన్న మొత్తం కాదు. చట్టపు హద్దు 0.5 ప్రొమిల్లె, అంటే రక్తంలో వెయ్యికి అర వంతు ఆల్కహాల్. లైసెన్సు వచ్చి రెండేళ్లు నిండనివారికి, 21 ఏళ్లలోపువారికి సున్నా. 0.3 దాటి బండి తూలినా, ప్రమాదం జరిగినా కేసే. సైకిల్ మీదైనా ఆ 0.3 లెక్క వర్తిస్తుంది. కాబట్టి కారులో వచ్చి దాన్ని బసలో వదిలేసి, రుచి చూసే రోజు బస్సులోనో పడవలోనో తిరగండి.

బస కూస్ వైపు తీసుకోండి. బెర్న్‌కాస్టెల్ కుడి ఒడ్డు, కూస్ ఎడమ ఒడ్డు. 1905లో కలిసి ఒక పట్టణమయ్యాయి. చెక్కచట్రాల ఇళ్లు, కూడలి, ఫోటోల్లో కనిపించేదంతా బెర్న్‌కాస్టెల్‌లో ఉంటుంది గానీ అక్కడ రాళ్లు పరిచిన బాటలు, పాత ఇళ్లలో ఇరుకు మెట్లు. కూస్ చదును. సూపర్‌మార్కెట్లూ అటే. వంతెన దాటితే కొన్ని నిమిషాల్లో కూడలి.

తాగనివాళ్లకు అక్కడ చూడ్డానికి లోటు లేదు. కూస్‌లోనే నదికి దగ్గరగా సెయింట్ నికొలౌస్ హాస్పిటల్ ఉంది. 1401లో ఇదే ఊళ్లో పుట్టిన కార్డినల్, తత్వవేత్త నికొలౌస్ కుసానుస్ 1458లో 33 మంది ముసలివాళ్ల కోసం పెట్టిన ఆశ్రమం. క్రీస్తు బతికిన ఏళ్లకు గుర్తుగా ఆ 33. ఐదున్నర శతాబ్దాలు దాటినా ఇప్పటికీ వృద్ధాశ్రమంగానే నడుస్తోంది, ఖర్చుకు సొంత ద్రాక్షతోటలు ఆసరా. ఆయన దేహం రోమ్‌లో ఉంది, గుండె మాత్రం ఇక్కడి చాపెల్లో. గ్రంథాలయంలో మూడు వందలకు పైగా చేతిరాత ప్రతులున్నాయి, దాన్ని గైడుతోనే చూడాలి, ముందుగా సమయం కనుక్కోండి. ఆ ఆవరణలోని నేలమాళిగలోనే వైన్ రుచి చూసే వినోటెక్ ఉంది. మీరిద్దరూ అక్కడ, పెద్దవాళ్లు పైన ప్రాంగణంలో. ఎవరూ ఎవరికోసమూ విసుక్కోనక్కర్లేదు.

వంతెన అవతల బెర్న్‌కాస్టెల్‌లో 1416 నాటి ష్పిట్స్‌హౌస్‌ఖెన్ అనే ఇల్లు చూడండి. కింద సన్నగా, పైన వెడల్పుగా, ఇప్పుడో అప్పుడో వాలిపోతుందన్నట్టుంటుంది. కొండ మీది లాండ్స్‌హూట్ కోట 1692లో కాలిపోయాక శిథిలంగానే ఉంది. నడిచి ఎక్కితే బాగా ఏటవాలు, మోకాళ్లకు వద్దు. సీజన్లో కింద నుంచి చిన్న షటిల్ నడుస్తుంది. పడవలో ట్రాబెన్-ట్రార్‌బాఖ్ దాకా వెళ్లండి, సుమారు రెండు గంటలు. దారిలో ట్సెల్టింగెన్ లాకులో పడవను నీటితో సహా కిందికి దించుతారు. ప్రకాశం బ్యారేజీ, కాలవ లాకులు తెలిసిన విజయవాడ వాళ్లకు అది తప్పక నచ్చుతుంది. తిరుగు పడవ ఎక్కితే మరో రెండు గంటలు కూర్చోవాలి, వచ్చేటప్పుడు బస్సు మేలు.

తిండి దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. ఉల్లిపాయల త్స్వీబెల్‌కూఖెన్ చూస్తే శాకాహారంలాగే ఉంటుంది, లోపల పంది కొవ్వు ముక్కలు వేస్తారు. పల్చటి రొట్టె మీద మీగడ రాసి కాల్చే ఫ్లామ్‌కూఖెన్ కూడా మామూలుగా అంతే. బంగాళాదుంప సూపులో సాసేజ్, సలాడ్ మీద ష్పెక్ (ఆ పంది కొవ్వు ముక్కలే). "వెజిటేరియన్" అంటే కొన్నిచోట్ల చేప తెస్తారు కనుక "ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్, ఓనె ఫిష్" (మాంసం, ష్పెక్, చేప లేకుండా) అని మూడూ విడివిడిగా చెప్పండి. ధైర్యంగా తినగలిగినవి: తురిమిన బంగాళాదుంప అట్లు రైబెకూఖెన్ (గుడ్డు ఉంటుంది, పక్కన ఆపిల్ గుజ్జు ఇస్తారు), జున్నుతో కలిపిన నూడుల్స్ లాంటి కేజె-ష్పెట్స్‌లె, మేకపాల జున్ను ఫ్లామ్‌కూఖెన్. చాలా వంటగదులు మధ్యాహ్నం రెండింటికి మూసి సాయంత్రం ఐదున్నరకో ఆరింటికో తెరుస్తాయి. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి సెలవు కూడా. ఆదివారం దుకాణాలుండవు. అందుకే వంటగది ఉన్న ఫెరియన్‌వోనుంగ్ (సెలవులకు అద్దెకిచ్చే ఇల్లు) తీసుకుని బియ్యం, పెరుగు, ఊరగాయ పెట్టుకోండి. రెండో రోజుకే పెద్దవాళ్లు అన్నం అడుగుతారు.

పెద్దవాళ్ల గ్లాసులోకి ట్రౌబెన్‌జాఫ్ట్ అడగండి, ద్రాక్షరసం. ఈ తోటల పండుతోనే చేస్తారు, దుకాణం డబ్బా రసంతో పోలికే లేదు. గాఢంగా ఉంటుంది కనుక సోడా కలిపిన షోర్లె మేలు.

మైన్_గట్టు

చాలా థాంక్సండీ. పండుగ తర్వాతి వారం, మంగళవారం నుంచి గురువారం, కూస్‌లో వంటగది ఉన్న ఇల్లు, రైలు బదులు కారు. సీసాల సంగతి మిగిలింది. అలాగే ఆ రోజుల్లో ఫెడర్‌వైసర్ అని అమ్ముతారట, అది తీసుకెళ్లొచ్చా?

పలకరాయి

ఫెడర్‌వైసర్ విమానానికి పనికిరాదు. అది ఇంకా పులుస్తున్న కొత్త రసం, గ్యాస్ బయటికి పోవాలని మూత వదులుగా పెడతారు. పడుకోబెడితే కారుతుంది, మూత బిగిస్తే సీసా పగులుతుంది. కారులో అయినా నిలువుగా, ఎవరో ఒకరు కాళ్ల మధ్య పట్టుకోవాల్సిందే. కొన్న రెండు మూడు రోజుల్లో తాగేయాలి. చూడ్డానికి పళ్లరసంలాగే ఉంటుంది, ట్రౌబెన్‌జాఫ్ట్ అనుకుని పెద్దవాళ్లకు పోయకండి.

ఇండియా కస్టమ్స్‌లో ఒక్కొక్కరికి సుంకం లేకుండా 2 లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండైతే లీటరున్నర, మూడోది పెడితే 2.25 లీటర్లయి హద్దు దాటుతుంది. అంటే పెద్దవాళ్లిద్దరికీ కలిపి నాలుగు. చెకిన్ పెట్టెలోనే పెట్టాలి. మోజెల్ సీసా సన్నగా, పొడుగ్గా ఉంటుంది, మామూలు వైన్ సీసాల గాలిసంచిలో మెడ బయటికి వస్తుంది. వైనరీలోనే అట్టగొట్టం అడగండి, లేదంటే ఒక్కోదాన్ని పాత చీరలో నాలుగు చుట్లు చుట్టి, ప్లాస్టిక్ కవరులో కట్టి, పెట్టె మధ్యలో అన్ని వైపులా బట్టలు వచ్చేలా అడ్డంగా పెట్టండి. కార్కు కన్నా మర మూతవి ఎంచుకోండి, ఓపెనర్ వెతుక్కోనక్కర్లేదు. తియ్యటి కాబినెట్ అయితే తెరిచాక కూడా ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది.