రోబో పడితే పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వులోంచే పాఠం ఎలా చెప్పాలి?

సైన్స్‌టీచర్:
తొమ్మిదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెప్తాను. గరిమనాభి (వస్తువు బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే బిందువు) పాఠానికి ముందు, 2025 నవంబరులో మాస్కోలో స్టేజీ ఎక్కిన ఐడల్ అనే రోబో వీడియో చూపించాను. చెయ్యి ఊపింది, తూలింది, బోర్లా పడింది. సిబ్బంది హడావిడిగా నల్ల గుడ్డ అడ్డం పెట్టారు. "రాత్రి ఎక్కువైనట్టుంది మేడమ్" అని వెనక బెంచీ. క్లాసంతా ఒకటే నవ్వు.

తర్వాత చైనా కంపెనీ ఎక్స్‌పెంగ్ వాళ్ల ఐరన్ అనే రోబో నడక చూపిస్తే, "లోపల మనిషి ఉంది, మోసం" అన్నారు. నిజానికి చైనా జనం కూడా అదే అన్నారు. కంపెనీ అధినేత స్టేజీ మీదే దాని కాలి తొడుగు కోయించి లోపలి యంత్రం చూపించాల్సి వచ్చింది. పడితే నవ్వు, పడకపోతే అనుమానం! పిల్లల నవ్వు ఆపాలని నాకు లేదు. రెండు కాళ్ల మీద నిలబడటం ఎందుకంత కష్టమో వాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

గేర్‌బాక్స్:
మేడమ్, నా ఉద్యోగం రోబో కీళ్ల మోటార్లు టెస్ట్ చేయడం. ముందు పిల్లల్ని కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమనండి. చీలమండ ఎన్ని సర్దుబాట్లు చేస్తుందో వాళ్లకే తెలుస్తుంది. నిలబడాలంటే గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత పాదాలు ఆనిన చోటులోనే పడాలి. నడిచేటప్పుడు ఆ గీత పాదం దాటిపోతుంది. అంటే ప్రతి అడుగూ పడబోవడమే, రెండో పాదం సమయానికి ఆనించి ఆపుకోవడమే. రోబో ఒంట్లో వంపును కొలిచే సెన్సర్ సెకనుకు వందల సార్లు లెక్క పంపిస్తుంటుంది. చెయ్యి ఊపినా గరిమనాభి జరుగుతుంది. మాస్కో వాళ్లు క్యాలిబ్రేషన్ సమస్య అన్నారు. ఏది నిటారో సెన్సర్‌కు తప్పుగా చెబితే, రోబో వంగి ఉండి కూడా నిటారుగానే ఉన్నాననుకుంటుంది.

2025 ఏప్రిల్ 19న బీజింగ్‌లో జరిగిన హాఫ్ మారథాన్ కూడా చూపించండి. రోబోల్లో గెలిచిన టియాన్‌గాంగ్ అల్ట్రా 21 కిలోమీటర్లకు 2 గంటల 40 నిమిషాలు తీసుకుంది. దారిలో మూడుసార్లు బ్యాటరీ మార్చారు, అదీ ఒకసారి పడింది. ఇంకో రోబో మొదలు గీత దగ్గరే పడి, కొన్ని నిమిషాలకు లేచి పరుగెత్తింది. నాకు అదే ఎక్కువ నచ్చింది.

రియాద్‌నర్స్:
ఫిజిక్స్ నాకు తెలియదు గానీ నవ్వు గురించి ఒక మాట. 2017 అక్టోబరులో సోఫియా అనే రోబోకు సౌదీ పౌరసత్వం ప్రకటించినప్పుడు నేను రియాద్‌లోనే ఉన్నాను. అక్కడి ఆడవాళ్లు ట్విట్టర్‌లో జోకులు మొదలుపెట్టారు. తల మీద ముసుగేది? వెంట మగ సంరక్షకుడేడీ? సోఫియా సంరక్షకుడి పద్ధతి (ఆడవాళ్ల పనులకు ఇంటి మగవాడి అనుమతి కావాలనేది) రద్దు చేయమంటోంది అని అరబ్బీలో హ్యాష్‌ట్యాగ్ కూడా నడిచింది. అప్పటికింకా అక్కడ ఆడవాళ్లు కారు నడిపే వీల్లేదు. 2018 జూన్‌లో గానీ ఆ అనుమతి అమల్లోకి రాలేదు. ఆ జోకులు చదివి నవ్వాను, కడుపు మండింది కూడా.

అదే సోఫియా 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఐటీ సదస్సుకొస్తే నచ్చిన నటుడెవరని అడిగారు. షారుఖ్ ఖాన్ అంది. అంతకంటే మంచి ప్రశ్న అడగాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. మేడమ్, మీ పిల్లల చేత ప్రశ్నలు రాయించండి.

సైన్స్‌టీచర్:
ఇద్దరికీ థ్యాంక్స్. ప్రశ్నలు రాయించడం బాగుంది, తప్పకుండా చేస్తాను. గేర్‌బాక్స్ గారూ, చాలా రోబోలు మోకాళ్లు వంచే నడుస్తాయెందుకని ఒకమ్మాయి అడిగింది.

గేర్‌బాక్స్:
భలే గమనించింది! కాలు పూర్తిగా చాపేస్తే ఇక సాగే వీలుండదు. నేల కాస్త పల్లంగా ఉన్నా పాదం అందదు. వంచి ఉంచితే పైకీ కిందికీ సర్దుకోవచ్చు. కాకపోతే బరువంతా మోకాలి మోటారు మోయాలి. అది వేడెక్కుతుంది, ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది. ఎందుకో తెలియాలంటే ఆ అమ్మాయినే ఒక్క అర నిమిషం గోడకుర్చీ వేసి చూడమనండి.