కీమో మధ్యలో ఇంటికొస్తున్న పాప: తీర్థం, మొక్కు సంగతి?

ప్రశ్న: లుకేమియా (రక్త క్యాన్సర్), అయిదేళ్ల పాప. డిశ్చార్జ్ రేపు, ఏఎన్‌సీ (ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాల లెక్క) 400. అమ్మమ్మగారు దిష్టి, తీర్థం, తిరుమల మొక్కు అంటున్నారు. ఏవి చేయొచ్చండీ?

జవాబు 1: దిష్టి నిక్షేపంగా తీయండి. తీర్థం మాత్రం వద్దు. పచ్చి నీళ్లు, తులసాకు, పచ్చిపాల పంచామృతం, వీటిలో క్రిములుంటాయి. ఏఎన్‌సీ 500 లోపుంటే చిన్న ఇన్‌ఫెక్షనూ రక్తంలోకి పాకిపోవచ్చు. మరగకాచి చల్లార్చిన నీళ్లు శుభ్రమైన గ్లాసులో పోసి, మూతపెట్టి దేవుడి ముందుంచి ఇవ్వండి. పెద్దావిడ కాదనరు.

జవాబు 2: తలనీలాలు ఇప్పుడొద్దు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే కత్తిగాటుకు రక్తం ఓ పట్టాన ఆగదు, పైగా కొండమీద జనం. పసుపుగుడ్డలో ముడుపు కట్టండి, స్వామికి తొందరేం లేదు.

జవాబు 3: జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరితే విభూతి పెట్టండి, కానీ పారాసెటమాల్ వేసి కూర్చోవద్దు. అర్ధరాత్రయినా ఆసుపత్రికే. తాయెత్తు సెంట్రల్ లైన్‌కి (మందులెక్కించడానికి పెద్ద రక్తనాళంలో పెట్టిన గొట్టానికి) తగలనీయకండి.